రోజూ 70 కిలోమీటర్లు: నాన్నకి కారు ఎలా వెతికాం

మన ఈ-పత్రికలో ఎక్కువగా కవితలు, కథలు వస్తుంటాయి. నాకు ఆ రెండూ రావు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, ఇప్పుడు సీఎస్ఈ రెండో సంవత్సరం. తెలుగు చదవడం వచ్చు కానీ రాయాలంటే ఒత్తుల దగ్గర ఇప్పటికీ ఆగిపోతాను. అందుకని నేను నిజంగా చేసిన ఒక పని గురించి రాస్తున్నాను. గేర్‌ని గేర్ అనే అంటాను, క్లచ్‌ని క్లచ్ అనే అంటాను, సర్దుకోండి.

పోయిన సెమిస్టర్ సెలవుల్లో మా ఇంట్లో కారు కొనాలన్న మాట వచ్చింది. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావుగా, ఏది మంచిదో నువ్వే చూసి చెప్పమ్మా" అని నాన్న ఆ పని నాకు అప్పజెప్పారు. నేను చూశాను, తప్పుగా చూశాను, మళ్ళీ మొదటి నుంచి చూశాను. ఇంకో రెండు మూడేళ్ళలో మనలో చాలామంది ఉద్యోగాల్లో చేరతాం. ఆఫీసుకి వెళ్ళడానికి కొనే మొదటి కారు చాలామందికి హ్యాచ్‌బ్యాకే అవుతుంది. అప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకుండా ఉంటారని ఈ వ్యాసం.

హ్యాచ్‌బ్యాక్ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. వెనక డిక్కీ విడిగా పొడుచుకు రాకుండా, వెనక అద్దంతో సహా తలుపు మొత్తం పైకి లేచే చిన్న కారు. వ్యాగనార్, స్విఫ్ట్, టియాగో, ఐ20, బలెనో అన్నీ ఇవే. మన దేశంలో వీటి పొడవు 4 మీటర్ల లోపే ఉండటానికి పన్ను ఒక పెద్ద కారణం. పొడవు 4 మీటర్లకి, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీకి మించకపోతే 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం. అంతకు ముందు 28 శాతం, పైన 1 శాతం సెస్ ఉండేది. బలెనో పొడవు చూడండి, 3990 మిల్లీమీటర్లు. గీత దగ్గరికి వచ్చి 10 మిల్లీమీటర్ల ముందు ఆగింది.

ముందు ప్రశ్న: అసలు కారు కావాలా?

మాది గుంటూరు. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ఒక ప్రైవేట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఇంటి నుంచి ఆఫీసుకి సుమారు 35 కిలోమీటర్లు, రానూపోనూ 70. పదకొండేళ్ళు బండి మీదే తిరిగారు. నేషనల్ హైవే 16 మీద లారీల పక్కన, ఎండలో, వానలో. పోయిన వానాకాలంలో ఒక రాత్రి మంగళగిరి దగ్గర బండి జారింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏమీ కాలేదు. ఎడమ మోకాలికి మాత్రం గట్టిగా తగిలింది. డాక్టర్ గారు ఇక బండి మీద అంత దూరం వద్దన్నారు.

రెండు నెలలు బస్సులో వెళ్ళారు. ఇంటి నుంచి గుంటూరు బస్టాండ్‌కి ఆటో, అక్కడి నుంచి విజయవాడ బస్టాండ్‌కి బస్సు, మళ్ళీ ఆటోనగర్‌కి ఇంకో బస్సు. అన్నీ కలిపి ఒక వైపుకే రెండు గంటలు దగ్గరపడేది. నెలాఖరులో, జీఎస్టీ రిటర్న్‌ల రోజుల్లో ఆఫీసు నుంచి బయటపడేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఇల్లు చేరేసరికి పదకొండు. బస్సులో సీటు దొరక్కపోతే ఆ మోకాలితో నిలబడే రావాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కారు కొనే ముందు ఈ లెక్క ఎవరికి వాళ్ళు వేసుకోవాలి. హైదరాబాద్‌లో ఇల్లు, ఆఫీసు రెండూ మెట్రో స్టేషన్ పక్కనే ఉంటే రోజూ కారు తీయడం డబ్బు దండగ. మా విషయంలో బస్సు, రైలు, ఆఫీసు దగ్గర అద్దెకి మారడం అన్నీ చూశాం. అమ్మ పనిచేసే స్కూలు గుంటూరులో, ఇల్లు మారితే ఆమెకి అదే ప్రయాణం తిరగబడుతుంది. అన్నీ కొట్టేశాక కారు మిగిలింది.

నాన్న మాత్రం "ఇంకో ఏడాది బస్సులో తిరుగుతాలే, నీ ఫీజు కట్టాలి కదా" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే తర్వాత నేను చేసిన షీట్‌లో ఆ మాట ఎక్కడా కనబడలేదు.

నా మొదటి షీట్ ఎందుకు తప్పు

ఒక ఎక్సెల్ షీట్ తెరిచాను. పద్నాలుగు కార్లు, ఇరవై రెండు కాలమ్‌లు. ధర, మైలేజీ, పవర్, టచ్‌స్క్రీన్ సైజు, డిక్కీ లీటర్లు, సన్‌రూఫ్, వెనక ఏసీ వెంట్, స్పీకర్లు. ఒక్కో కాలమ్‌కి 1 నుంచి 5 దాకా వెయిటేజీ ఇచ్చి, మార్కులు హెచ్చవేసి కూడితే ర్యాంకు వస్తుంది. మొదటి ర్యాంకు ఒక టర్బో ఇంజన్ కారుకి వచ్చింది. నాకూ అదే ఇష్టం, కాబట్టి సంతోషించాను.

తర్వాత ఊరికే పవర్ వెయిటేజీ 3 నుంచి 2 చేసి చూశాను. మొదటి ర్యాంకు మారిపోయింది. టచ్‌స్క్రీన్‌ని 2 నుంచి 1 చేశాను, మళ్ళీ మారింది. అంటే ఆ షీట్ కొత్తగా ఏమీ చెప్పడం లేదు. నా ఇష్టాన్ని నాకే అంకెల్లో తిరిగి చూపిస్తోంది. వెయిటేజీలు నావి, ప్రయాణం నాన్నది.

అమ్మ వచ్చి స్క్రీన్ చూసింది. "ఇందులో రాత్రి వానలో మీ నాన్న ఎలా వస్తారన్నదానికి గడి ఏది?" అంది. లేదు.

డీబీఎంఎస్ చదివినవాళ్ళకి ఒక్క వాక్యంలో అర్థమవుతుంది. నేను 'వేర్' రాయకుండా 'ఆర్డర్ బై' రాశాను. తప్పకుండా ఉండాల్సిన షరతులు పెట్టి అవి లేని కార్లని ముందే తీసేయాలి. మిగిలినవాటినే ఒకదానితో ఒకటి పోల్చాలి. షరతులు లేకుండా మార్కులు వేస్తే, పెద్ద టచ్‌స్క్రీన్‌కి వచ్చిన ఐదు మార్కులు బ్రేకుల దగ్గర పోయిన ఐదు మార్కుల్ని పూడ్చేస్తాయి. రోడ్డు మీద అలా పూడదు.

షరతులు దారిలో దొరుకుతాయి

షరతులు యూట్యూబ్ రివ్యూల్లో ఉండవు, మనం రోజూ వెళ్ళే దారిలో ఉంటాయి. అందుకే బాబాయి కారు ఒక రోజు అడిగి తీసుకున్నాం. మామూలు గేర్ల హ్యాచ్‌బ్యాక్. నాన్న నడిపారు, నేను పక్కన ఫోన్‌లో కౌంటర్ యాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఆఫీసు టైముకే బయలుదేరాం.

గుంటూరు ఊరు దాటాక హైవే మీద కాజ టోల్ వరకు హాయిగా ఉంది. ఎక్కువసేపు టాప్ గేరే. మంగళగిరి దాటి కనకదుర్గ వారధి దగ్గరికి వచ్చేసరికి బండ్లు మెల్లగా కదలడం మొదలైంది. బెంజ్ సర్కిల్ దగ్గర నేరుగా వెళ్ళేవాళ్ళకి ఫ్లైఓవర్ ఉంది. ఆటోనగర్ వెళ్ళాలంటే దాని కింద సిగ్నల్ దగ్గర ఆగి బందర్ రోడ్డు పట్టుకోవాలి. నాన్న ఎడమ కాలు క్లచ్ తొక్కినప్పుడల్లా నేను బటన్ నొక్కాను. ఇంటి నుంచి ఆఫీసు దాకా 168 సార్లు. అందులో 100 కంటే ఎక్కువ వారధి దాటాకే, చివరి కొద్ది కిలోమీటర్లలోనే. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా కలిపితే రోజుకి మూడు వందల పైమాట. అదే మోకాలితో.

కారు దిగాక నాన్న రెండు నిమిషాలు డోర్ పట్టుకుని నిలబడ్డారు. "ఏం లేదు, కాలు పట్టేసింది" అన్నారు. ఆ రోజే మా మొదటి షరతు ఖాయమైంది: క్లచ్ ఉండకూడదు.

అలా ఒక్క రోజు ప్రయాణంలో మాకు దొరికిన షరతులు ఇవి.

ఒకటి, ఆటోమేటిక్. చిన్న కార్లలో ఎక్కువగా కనిపించేది ఏఎంటీ. ఇందులో గేర్‌బాక్స్ మామూలు మాన్యువల్‌దే. క్లచ్ తొక్కడం, గేర్ మార్చడం మన బదులు చిన్న మోటార్లు చేస్తాయి. అందుకే ఆటోమేటిక్‌లన్నిటిలో ఇది చవక, మైలేజీ కూడా పెద్దగా తగ్గదు. లోపం ఏమిటంటే గేర్ మారేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది, ముఖ్యంగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే. సీవీటీలో విడి గేర్లు ఉండవు, బెల్టు, పుల్లీలతో మెత్తగా నడుస్తుంది. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి, గేర్లు చాలా వేగంగా మారతాయి. ఈ రెండూ బాగుంటాయి కానీ ధర ఎక్కువ. ట్రాఫిక్‌లో కాలు నొప్పి తగ్గితే చాలనుకునేవాళ్ళకి ఏఎంటీ సరిపోతుంది.

రెండు, భద్రత. ప్రయాణంలో ఎక్కువ భాగం హైవే కాబట్టి దీంట్లో బేరం లేదనుకున్నాం. ఎయిర్‌బ్యాగులు, కారు జారినప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి దారిలో పెట్టే ఈఎస్‌సీ, వెనక సీట్లో అందరికీ మూడు పాయింట్ల బెల్టు. భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టుల పద్ధతి 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ముందు వైపు ఢీకొట్టే పరీక్ష గంటకి 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. పెద్దవాళ్ళకి, పిల్లలకి స్టార్లు విడివిడిగా ఇస్తారు, రెండూ చూడాలి. ఇంకో జాగ్రత్త: గ్లోబల్ ఎన్‌క్యాప్ 2022లో నియమాలు కఠినం చేసింది. కాబట్టి 2020లో వచ్చిన స్టార్లని, ఇప్పుడు వచ్చిన స్టార్లని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. స్టార్ల పక్కన సంవత్సరం కూడా రాసుకోండి.

మూడు, మా గేటు. మేముండేది అద్దె ఇల్లు, పై పోర్షన్. గేటు వెడల్పు టేపుతో కొలిస్తే 7 అడుగులు, అంటే సుమారు 2130 మిల్లీమీటర్లు. పైగా సందులోంచి మలుపు తిప్పి లోపలికి రావాలి. వ్యాగనార్ వెడల్పు 1620, టియాగో 1677, స్విఫ్ట్ 1735, ఐ20 1775 మిల్లీమీటర్లు. ఈ అంకెల్లో పక్క అద్దాలు కలవవు, అవి కలిపితే ఇంకా పెరుగుతుంది. కాగితం మీద 150 మిల్లీమీటర్ల తేడా ఏమీ అనిపించదు. రోజూ రాత్రి పదింటికి రివర్స్‌లో గేటు లోపలికి పెట్టేవాళ్ళకి తెలుస్తుంది.

నాలుగు, ఛార్జింగ్ ప్లగ్. రోజుకి 70 కిలోమీటర్లు అంటే ఎలక్ట్రిక్ కారుకి చాలా సరిపోయే దూరం. నాకు ముందు అదే తట్టింది. కానీ కింద పార్కింగ్‌లో మాకు ప్లగ్ లేదు, కొత్త లైను లాగడానికి ఇంటి ఓనర్ ఒప్పుకోలేదు. రోజూ బయట ఛార్జింగ్ పెట్టుకోవడం నాన్నకి కుదరదు. అందుకే వదిలేశాం. సొంత పార్కింగ్, సొంత మీటర్ ఉన్నవాళ్ళు మాత్రం ఈవీని తప్పకుండా లెక్కలో పెట్టండి.

ఈ నాలుగు షరతులు పెట్టేసరికి పద్నాలుగు కార్లలో నాలుగు మిగిలాయి. నా మొదటి ర్యాంకు కారు గేటు దగ్గరే ఆగిపోయింది.

పెట్రోలా, సీఎన్‌జీయా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. దీనికి కారుని బట్టి కాదు, దూరాన్ని బట్టి జవాబు వస్తుంది.

ముందు మైలేజీ గురించి. కంపెనీ చెప్పే మైలేజీ ల్యాబ్‌లో, రోలర్ల మీద కారు నడిపి కొలిచింది. పోలికకి పనికొస్తుంది, నెల బడ్జెట్‌కి పనికిరాదు. స్విఫ్ట్ సీఎన్‌జీకి చెప్పే అంకె కిలోకి 32.85 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని బెంజ్ సర్కిల్ దాటేవాళ్ళు అంత ఆశ పెట్టుకోకూడదు. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ ఇంకాస్త తగ్గుతుంది. అందుకే నేను చెప్పిన మైలేజీలో పావు వంతు కోసేసి లెక్క వేశాను.

లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు: నెలకి 25 పని దినాలు, అంటే 1750 కిలోమీటర్లు. పెట్రోల్ లీటరు 110 రూపాయలు, మైలేజీ 18. సీఎన్‌జీ కిలో 95 రూపాయలు, మైలేజీ 25. అదే కారు సీఎన్‌జీలో కొంటే అదనపు ధర 90,000. మీ ఊళ్ళో ధరలు వేరుగా ఉంటే మీ అంకెలు పెట్టుకోండి, పద్ధతి మారదు.

పెట్రోల్ ఖర్చు నెలకి సుమారు 10,700. సీఎన్‌జీ ఖర్చు 6,650. నెలకి 4,050 మిగులుతుంది.

ఇక్కడ చాలామంది 90,000ని 4,050తో భాగించి, 22 నెలల్లో డబ్బు వెనక్కి వస్తుందని ఆపేస్తారు. కానీ ఆ 90,000 మన దగ్గర ఉన్న డబ్బు కాదు, అప్పు. 9 శాతం వడ్డీకి ఐదేళ్ళు తీసుకుంటే ఆ 90,000కే ఈఎంఐ సుమారు 1,870. కాబట్టి అసలు ప్రశ్న ఇది: నెలకి మిగిలేది, ఆ అదనపు ఈఎంఐ కంటే ఎక్కువా? మాకు 4,050 మిగులుతుంది, 1,870 కట్టాలి. ఇంకా 2,180 చేతిలో ఉంటుంది. సీఎన్‌జీ లాభం.

ఇప్పుడు అదే కారు, రోజుకి 20 కిలోమీటర్లు మాత్రమే తిరిగేవాళ్ళకి వేద్దాం. నెలకి 500 కిలోమీటర్లు. పెట్రోల్ సుమారు 3,050, సీఎన్‌జీ 1,900. మిగిలేది 1,150. కట్టాల్సింది 1,870. ఐదేళ్ళ పాటు ప్రతి నెలా 720 రూపాయలు చేతి నుంచి పోతాయి. ఆదా చేస్తున్నామనుకుంటూనే పోగొట్టుకుంటారు. మీ పక్కింటివాళ్ళకి లాభమైన కారు మీకు నష్టం కావచ్చు.

డబ్బు కాకుండా ఇంకో రెండు విషయాలున్నాయి. సిలిండర్ మామూలుగా డిక్కీలోనే కూర్చుంటుంది, సామాన్ల చోటు పోతుంది. టాటా వాళ్ళు టియాగోలో ఒక పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పెట్టి కొంత చోటు మిగిల్చారు. రెండోది, బంకు దగ్గర లైను. మీ దారిలో సీఎన్‌జీ బంకు ఎక్కడుందో, మీరు వెళ్ళే టైములో ఎన్ని ఆటోలు నిలబడి ఉంటాయో ఒక రోజు వెళ్ళి చూసుకోండి.

నెల ఖర్చు మొత్తం ఒక్క చోట

షోరూమ్‌లో మొదట చెప్పేది ఎక్స్-షోరూమ్ ధర. దాని మీద లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్ కలిస్తే ఆన్-రోడ్ ధర. అదీ ఒక్కసారి కట్టేదే. నెల నెలా కట్టేది వేరే ఉంది. ఆ కాగితం షోరూమ్‌లో ఇవ్వరు, మనమే రాసుకోవాలి.

అమ్మ చీటీ డబ్బు డౌన్ పేమెంట్‌కి పోను, 4 లక్షలు లోన్ కావాల్సి వచ్చింది. 9 శాతానికి ఐదేళ్ళయితే ఈఎంఐ సుమారు 8,300. ఏడేళ్ళయితే 6,440. "ఈఎంఐ తగ్గుతుంది కదా సార్, ఏడేళ్ళు పెట్టుకోండి" అంటారు. కట్టే మొత్తం వేసి చూడండి. ఐదేళ్ళకి వడ్డీ సుమారు 98,000, ఏడేళ్ళకి 1,40,000 పైన. తేడా 42,000. నాకు ఒక సెమిస్టర్ ఖర్చు.

బండి మీద వెళ్ళినప్పుడు లేని ఖర్చు టోల్. కాజ దగ్గర టూ వీలర్లకి టోల్ లేదు, కారుకి ఉంది. సొంత కార్లకి 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ వార్షిక పాస్ వచ్చింది. వచ్చినప్పుడు దాని ధర 3,000 రూపాయలు. 200 ట్రిప్పులు లేదా ఒక ఏడాది, ఏది ముందు అయితే అది. వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి. నాన్నకి ఏడాదికి 600 ట్రిప్పులు, అంటే మూడు పాసులు, ఆ ధర ప్రకారం 9,000 రూపాయలు, నెలకి 750. పేరు వార్షిక పాస్ అయినా రోజూ వెళ్ళేవాళ్ళకి నాలుగు నెలలే వస్తుంది.

ఇన్సూరెన్స్‌కి నెలకి 2,000 పక్కన పెట్టాను. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలని రూలు లేదు, బయట కూడా ధర అడిగి చూసుకోవచ్చు. పాత కారు అమ్మినవాళ్ళ నో క్లెయిమ్ బోనస్ కారుతో పోదు, అది మనిషిది, కొత్త కారుకి తెచ్చుకోవచ్చు. సర్వీసు, టైర్లకి కలిపి నెలకి 1,500. ఏడాదికి 21,000 కిలోమీటర్లు తిరిగే కారుకి టైర్లు త్వరగానే అరుగుతాయి.

పెట్రోల్ ఆటోమేటిక్ అయితే 8,300, 10,700, 750, 2,000, 1,500 కలిపి నెలకి 23,250. సీఎన్‌జీ ఆటోమేటిక్ అయితే 21,070. బండికి పెట్రోల్ నెలకి నాలుగు వేల లోపే అయ్యేది. ఈ అంకె చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. నేను కూడా. కానీ కొన్న తర్వాత ప్రతి నెలా ఆశ్చర్యపోవడం కంటే, కొనే ముందు ఒక్కసారి భయపడటం మంచిది. ఆ రోజే లోన్ తగ్గించుకోవడానికి పై వేరియంట్ ఆలోచన మానేశాం. సేఫ్టీ ఫీచర్లు కింది వేరియంట్‌లో కూడా ఉన్నప్పుడు, పై వేరియంట్‌లో పెరిగేవి ఎక్కువగా అలంకారాలే.

చివరికి మిగిలిన రెండు

మన దేశంలో సీఎన్‌జీతో ఏఎంటీ మొదట 2024 ఫిబ్రవరిలో టియాగోలో వచ్చింది. క్లచ్ లేదు, ఇంధనం చవక, మా గేటుకి సరిపోతుంది. లెక్క ప్రకారం అదే. ఇంకోటి వ్యాగనార్ పెట్రోల్ ఏఎంటీ. అది నెలకి 2,180 ఎక్కువ.

షీట్ చూపించి "నాన్నా, టియాగో తీసుకుందాం" అన్నాను. నాన్న కూడా వెంటనే ఒప్పుకున్నారు. టెస్ట్ డ్రైవ్ మామూలుగా చూసొద్దామని వెళ్ళాం. మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద కాకుండా, సాయంత్రం ట్రాఫిక్ టైమే అడిగాం. రెండూ నడిపారు. రెండూ బాగున్నాయన్నారు.

తేడా నడిపేటప్పుడు కాదు, ఎక్కి దిగేటప్పుడు కనబడింది. టియాగో ఎత్తు 1535 మిల్లీమీటర్లు. చాలామందికి అది ఇబ్బందే కాదు, నేను సులువుగా ఎక్కాను. నాన్న కూర్చోవాలంటే మోకాలు వంచి కిందికి దిగాలి, లేచేటప్పుడు డోర్ పట్టుకుని పైకి లేవాలి. వ్యాగనార్ ఎత్తు 1675. సీటు కుర్చీ ఎత్తులో ఉంది. పక్కకి తిరిగి కూర్చున్నారు, పక్కకి తిరిగి దిగారు, అంతే. ఐదేసి సార్లు ఎక్కి దిగమని చెప్పాను. మూడోసారికే ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది. ఆయన మాత్రం "రెండూ ఒకటేలేమ్మా, చవకదే తీసుకుందాం" అన్నారు.

నా ఇరవై రెండు కాలమ్‌లలో సీటు ఎత్తు లేదు. షరతుల జాబితాలో కూడా లేదు. క్లచ్ గురించి ఆలోచించాను కానీ డోర్ గురించి ఆలోచించలేదు.

ఇంటికి వచ్చాక ఆ 2,180ని 25తో భాగించాను. రోజుకి 87 రూపాయలు. "రోజుకి 87 రూపాయలకి నీ కాలు నొప్పి లేకుండా ఉంటుందంటే వద్దంటావా?" అని అడిగాను. "ఐదేళ్ళకి లక్షా ముప్పై వేలు అది, నీ ఫీజు..." అన్నారు. లెక్క ఆయనదే కరెక్ట్, అకౌంటెంట్ కదా. అప్పుడు అమ్మ అంది: "ఏవండీ, ఆ కాలుకి మళ్ళీ ఏమైనా అయితే ఆఫీసే మానేయాలి. అప్పుడు దీని ఫీజు ఎవరు కడతారు?" దాంతో ఆ చర్చ ముగిసింది.

వ్యాగనార్ పెట్రోల్ ఏఎంటీ కొన్నాం. టియాగో తక్కువదని కాదు. మోకాలు బాగున్నవాళ్ళు అదే 70 కిలోమీటర్లు తిరిగితే నేను ఇప్పటికీ సీఎన్‌జీ ఏఎంటీయే తీసుకోమంటాను.

మీరు కొనేటప్పుడు

నేను ఇప్పుడు ఎవరైనా అడిగితే ఈ వరసలో చెబుతాను.

1. బస్సు, రైలు, మెట్రో, ఇల్లు మారడం ముందు చూడండి. అవి కుదరకపోతేనే కారు.
2. ఎవరిదైనా కారు అడిగి, ఆఫీసు టైములో మీ దారిలో ఒక్క రోజు వెళ్ళండి. ఎక్కడ ఇబ్బంది పడ్డారో అదే మీ షరతు.
3. షరతులు నాలుగైదు మించకుండా రాసుకుని, అవి లేని కార్లని కొట్టేయండి. మార్కులు ఆ తర్వాత.
4. సీఎన్‌జీకి ఇంధనంలో మిగిలేది, అదనపు ఈఎంఐ కంటే ఎక్కువో కాదో చూడండి. ఎలక్ట్రిక్‌కి కూడా ఇదే లెక్క.
5. ఈఎంఐ, ఇంధనం, టోల్, ఇన్సూరెన్స్, సర్వీసు కలిపి నెల అంకె ఒకటి రాయండి. అది ఇంట్లో అందరికీ చూపించండి.
6. కారు రోజూ నడిపే మనిషిని ఐదుసార్లు ఎక్కి దిగమనండి. వాళ్ళ మాట వినొద్దు, ముఖం చూడండి. మన అమ్మానాన్నలు డబ్బు విషయంలో మనకి నిజం చెప్పరు.

కారు వచ్చి మూడు నెలలైంది. పోయిన వారం నెలాఖరు, రాత్రి పెద్ద వాన. నేను హాస్టల్ నుంచి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తి, "గేటు దగ్గర రివర్స్ చేస్తున్నారు, తర్వాత చెయ్యి" అని పెట్టేసింది. పదకొండు కాలేదు, తొమ్మిదీ నలభై.